సమురాయి ఖడ్గము – మన్యపు విల్లు

చలనచిత్రములో వీరుడు కత్తి దూయగనే మనము చప్పట్లు చఱతుము. కాని అతడు దాని నేల దూసెనో ఇంటికి వచ్చిన పిమ్మట ఆలోచించువారు కొందఱే. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై మనము ముందుగా జపాను దేశమునకు పోయి, మరల మన గోదావరి యడవులకు వత్తము.

జపానులో శతాబ్దములపాటు సమురాయిలను యోధుల వర్గ ముండెడిది. వారు తమ ప్రభువును సేవించి, అందులకు ప్రతిఫలముగ ధాన్యరూపమున భృతి పొందుచుండిరి. నడుమున రెండు కత్తులు ధరించుట వారికే చెల్లిన గౌరవము. 1868లో చక్రవర్తి పేర నూతన ప్రభుత్వ మేర్పడెను. అది 1871లో సామంత రాజ్యములను రద్దుచేసెను; 1873లో అన్ని వర్గముల యువకులను సైన్యమున చేర్చుకొనుటకు శాసనము చేసెను. 1876లో కత్తులు ధరించుటను నిషేధించి, భృతికి బదులు ఋణపత్రములను చేతికిచ్చెను. సమురాయికి గౌరవమును పోయెను, కూడును పోయెను. 1877లో సత్సుమా సీమలోని సమురాయిలు సైగో తకమోరి నాయకత్వమున తిరుగబడిరి. ఆ నూతన ప్రభుత్వమును నెలకొల్పిన ప్రముఖులలో సైగోయు నొకడగుట విశేషము. సెప్టెంబరు 24వ తేదీన షిరోయామా కొండపై అతడు మరణించుటతో తిరుగుబాటు ముగిసెను.

ఈ గాథ నాధారముగ గొని 2003లో ‘ది లాస్ట్ సమురాయ్’ అను హాలీవుడ్ చిత్రము వెలువడినది. అందు తిరుగుబాటుదారులు కత్తులతోడను, విండ్లతోడను పోరాడుదురు. నిజమునకు సైగో సేనయొద్ద తుపాకులును, ఫిరంగులును ఉండెను. 1967లో మసాకి కొబయాషి తీసిన ‘సమురాయి తిరుగుబాటు’ వేఱొక తీరుది. ప్రభువు తాను విడిచిన స్త్రీని ఒక సేవకుని కుమారునికి బలవంతముగ పెండ్లి చేయించును. ఆ దంపతులు అన్యోన్యముగ నుండగా, ఆమెను మరల పంపుమని ఆజ్ఞాపించును. అంతవరకు విధేయుడైన ఆ వృద్ధ సేవకుడు ఎదురు తిరుగును. ఇది కల్పితకథయే. అయినను తిరుగుబాటు ఎచట పుట్టునో ఇది చక్కగ చూపినది.

సైగో మరణించి రెండేండ్లు గడువకముందే, 1879 మార్చిలో, మన గోదావరి మన్యమున రంప తిరుగుబాటు చెలరేగెను. కొత్తగూడెమునుండి గోదావరి దాటి భద్రాచలము చేరినచో ఆ కొండల సీమ మొదలగును. అచటి గ్రామముల గుంపునకు ముఠా యని పేరు. దానికి పెద్ద ముఠాదారు. వీరిపై మన్సబుదారు పన్నులు పెంచెను. కొండవారు తమ వాడుకకై గీచుకొను కల్లుపై సయితము పన్ను పడెను. మైదానపు వర్తకులు వారికెఱుకలేని న్యాయస్థానములలో తీర్పులు పొంది, వారి పశువులను, ధాన్యమును పట్టుకొనిపోవుచుండిరి. భద్రాచలము తాలూకాలోని రేకపల్లి సీమ 1874లో మద్రాసు రాష్ట్రమున చేరినది మొదలు అచట పోడుపై పన్ను మిక్కిలి పెరిగెను. కొన్ని యడవులలో పోడు కొట్టుటయే నిషేధింపబడెను. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి మొదలగువారు పోలీసు ఠాణాలపై బడిరి. 1880లో చంద్రయ్యయు, తమ్మన్నదొరయు హతులైరి. అయినను వారి పోరు వృథా కాలేదు. ప్రభుత్వము మన్సబుదారును తొలగించి, ముఠాదారులతో నేరుగా ఒప్పందములు చేసికొనెను.

కాని 1882 నాటి మద్రాసు అటవీ చట్టము మరల ఉచ్చు బిగించెను. గూడెము సీమలో బాటలు వేయించిన అధికారులు గిరిజనులకు కూలి సరిగా ఈయరైరి. అపుడు మైదానపు వాడైన అల్లూరి సీతారామరాజు వారికి నాయకుడయ్యెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగ చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి, తుపాకులను, తూటాలను గొనిపోయెను. 1924 మే 7వ తేదీన కొయ్యూరులో అతనిని కాల్చి చంపిరి.

అర్ధ శతాబ్దమునకు పిమ్మట, 1974లో, కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రము ఆ వీరుని తెలుగువారి యింటింటికి తెచ్చినది. చిత్రము చూచినవారి మనస్సున విల్లంబులే నిలుచును. చరిత్రలో ఆ విండ్ల ప్రక్కన ఠాణాల తుపాకులును ఉన్నవి. రాజు ప్రక్కన గాం గంటందొర, గాం మల్లుదొర మున్నగు మన్యవీరులును ఉన్నారు. మల్లుదొర చెఱనుండి విడుదలయై, స్వతంత్ర భారతమున 1952లో లోకసభకు ఎన్నికయ్యెను. తుపాకి పట్టిన చేతికి ఓటు దొరకిన పిమ్మట ఆ తిరుగుబాటుదారుడే శాసనకర్త యయ్యెను!

సమురాయిలును, మన్యవాసులును ఒకే తీరు వారని మనము తలపరాదు. సమురాయి తన కొక్కనికే చెల్లిన హోదాకై పోరాడెను. దానివలన రైతునకు కలిగిన మేలు లేదు. మన్యవాసి తన పోడు కొఱకు, తన కల్లుకుండ కొఱకు, చేసిన పనికి రావలసిన కూలి కొఱకు పోరాడెను. ఇరువురి ధైర్యమును సమానమే యైనను, వారు కోరినది సమానము కాదు.

కావున బాలలారా! చిత్రమును చూచి వీరుని ధైర్యమునకు తప్పక చప్పట్లు చఱవుడు. పిదప ఇంటికి వచ్చి, ‘ఇతడు ఎవరి కూటికొఱకు ఆయుధము పట్టెను?’ అని యడుగుడు. ఆ ప్రశ్న మీకు చరిత్రకు వాకిలి తెఱచును.