ఇస్త్రీపెట్టె భవనం

రెండు వీధులు ఐమూలగా కలిసే చోట ముక్కోణపు స్థలం మిగులుతుంది. అట్టి స్థలం పెద్ద కట్టడానికి పనికిరాదని సామాన్యంగా భావిస్తారు. ఆ భావన సరికాదని నిరూపించినది న్యూయార్క్ నగరంలోని ఫ్లాటైరన్ భవనం.

అక్కడి మన్‌హటన్ ప్రాంతపు వీధులను 1811 నాటి ప్రణాళిక చదరంగపు గళ్లవలె తీర్చిదిద్దింది. అంతకు పూర్వమే ఉన్న బ్రాడ్వే మాత్రం ఏటవాలుగా సాగి ఐదవ అవెన్యూను ఖండించింది. ఆ కూడలిలో ఏర్పడిన స్థలం ఇస్త్రీపెట్టెను పోలి ఉండటంచేత దానికి 'ఫ్లాటైరన్' అనే పేరు వచ్చింది.

వాస్తుశిల్పి డేనియల్ బర్న్‌హామ్ రూపకల్పన చేసిన ఈ భవనం 1902లో పూర్తయింది. దీని ఎత్తు సుమారు 87 మీటర్లు. మొన వెడల్పు మాత్రం సుమారు 2 మీటర్లే! పెనుగాలికి ఇది కూలిపోతుందని అనేకులు భయపడ్డారు. కాని భవనం బరువును మోసేది గోడలు కావు, లోపలి ఉక్కు చట్రం. గాలి ఒత్తిడిని ముందే లెక్కించి, ఇంజనీర్లు దూలాలను, స్తంభాలను దృఢంగా బిగించారు.

శతాబ్దం దాటినా భవనం చెక్కుచెదరలేదు. చిరకాలం కార్యాలయాలకు నెలవైన దీనిని నివాసగృహాలుగా మార్చనున్నట్లు 2023లో యజమానులు ప్రకటించారు. స్థలం వంకరైనను లెక్క సరియైనదైతే కట్టడం నిలుస్తుందనుటకు ఇదియే నిదర్శనం.