ముదిమిలో భుజము విరిగినచో

వృద్ధురాలు తడినేలపై కాలుజారి పడునప్పుడు, తన్ను తాను నిలుపుకొనుటకు చేయి చాచుట సహజము. ఆ తాకిడికి దండచేయి యెముక భుజమునకు కొంచెము దిగువగా విరుగుచుండును. ముట్టుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు గుల్లబారుటచే నీ యాపద పురుషులకంటె స్త్రీలకే హెచ్చుగా కలుగును.

అప్పుడు ఇంటివారు "ఈ వయసున కోత యెట్లు?" అని కొందరును, "కోయింపకున్న చేయి పోవునేమో" యని కొందరును తల్లడిల్లుదురు. ఈ రెండు భయములను గూర్చియే మేము సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

బ్రిటనులోని 32 ఆసుపత్రులలో 250 మంది రోగులను పరిశీలించి, 2015వ సంవత్సరమున ఫలితములు ప్రకటించిరి. రోగుల సగటు వయస్సు 66 ఏండ్లు. వారిలో ముప్పాతిక మందికి పైగా స్త్రీలే. విరిగిన యెముక స్థానము తప్పినవారినే తీసికొని, సగము మందికి శస్త్రచికిత్స చేసిరి. తక్కినవారికి జోలెకట్టు కట్టి, చేతికి వ్యాయామము నేర్పిరి. రెండేండ్ల పిమ్మట చూడగా, నొప్పియందు గాని పనిచేయు శక్తియందు గాని ఆ రెండు తెగలకును చెప్పదగిన భేదము కానరాలేదు.

అయిన నిది యందరికిని వర్తింపదు. కీలు తొలగినను, ఎముక చర్మమును చీల్చుకొని వచ్చినను, వ్రేళ్లు చల్లబడి మొద్దుబారినను క్షణమైన నాలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను. ముక్కలు మిక్కిలి చెదరినప్పుడు, బంతి యుండు చోట గుంటను, గుంట యుండు చోట బంతిని అమర్చు కృత్రిమపు కీలును కొందరికి పెట్టుదురు. ఎవరికేది తగునో ఎక్సురే చూచిన వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇక ఇంటిలోని యుపచారము. పడిన వెంటనే ఉంగరములను, గాజులను తీసివేయుడు. చేయి వాచిన పిమ్మట నవి రావు. నూనె రాచి మర్దన చేయరాదు, బిగియగట్టరాదు. కొన్ని దినములకు కమిలిన నలుపు మోచేతివరకును, రొమ్మువరకును దిగును; అందులకు వెరవకుడు. రాత్రి తలగడల కానుకొని సగము కూర్చున్నట్లు పరుండిన సుఖముగా నుండును. చంకలో చెమట నిలిచి పుండు పడకుండ తుడిచి, మెత్తని పొడిగుడ్డ నుంచవలెను. రవిక తొడుగునపుడు నొప్పిచేతిని మొదట, విప్పునపుడు చివర తీయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. "పాపము, నొచ్చును" అని చేతిని నెలలకొలది కదలనీయని వాత్సల్యమే భుజమును బిగియజేయును. వ్రేళ్లను, మణికట్టును మొదటి దినమునుండియే కదలించుచుండవలెను. సాధారణముగా రెండు మూడు వారములకు, వైద్యుని యనుమతితో, ముందునకు వంగి చేతిని గడియారపు లోలకమువలె మెల్లగా నూపింపవలెను. ఎముక అతుకుటకు ఆరు మొదలు పండ్రెండు వారములు పట్టును. చేయి తన తల తాను దువ్వుకొనునంతగా నెత్తుటకు పలుమాసములు పట్టవచ్చును. ఓపిక వలయును.

ఒకమారు విరిగిన యెముక ముందు తుంటికి రానున్న యాపదకు హెచ్చరిక. కావున ఎముకల గట్టిదనమును పరీక్ష చేయించి, తగిన మందిప్పింపుడు. స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీని, రాత్రి నడచు త్రోవలో దీపమును ఏర్పరచుడు. వీని కగు వ్యయము స్వల్పము. తప్పించు బాధ అపారము.