చమురు చుక్క జాడ

ఆయుర్వేదంలో నిదానం ఒక ప్రత్యేక శాఖ. 'మాధవ నిదానం' అనే ప్రాచీన గ్రంథం మందుల జోలికి పోదు. రోగాన్ని ఎట్లా గుర్తించవలెనో మాత్రమే బోధిస్తుంది. మందులు ఎరిగినవారు పలువురు, రోగమూలం ఎరిగినవారు కొందరే అన్న సత్యం మన పూర్వులకు తెలుసు. ఈ సత్యం మానవదేహానికే పరిమితం కాదు. లోహంతో నిర్మించిన యంత్రదేహానికి కూడా వర్తిస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల రైతులకు ఈ సంగతి కొత్త కాదు. విద్యుత్తు రాకముందు ఇక్కడి బావులలో నీరు తోడిన ఆయిలింజను విప్పి బిగించిన మరునాడే కింద నల్లని మరక పరచుకోవడం వారెరిగినదే. పొలంలో ఇంజను ఆగితే ఒక మడి ఎండుతుంది. అదే ఇంజను ఆకాశంలో ఆగితే ప్రాణమే పణమవుతుంది. కనుక చిన్న విమానాల ఇంజనులో చమురు కారడమన్నది తుడిచి ఊరుకోదగిన మరక కాదు. చదివి అర్థం చేసుకోవలసిన లిపి.

మన దేశంలో 1958లో మొదటిసారి ఎగిరిన 'పుష్పక్' శిక్షణ విమానానికి 90 అశ్వశక్తుల కాంటినెంటల్ ఇంజను ఉండేది. తరువాతి కాలంలో శిక్షణాలయాలకు వచ్చిన సెస్నా 152 విమానానికి లైకమింగ్ ఇంజను. రెండింటి నిర్మాణం ఒక తీరుగానే ఉంటుంది. నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున ఎదురెదురుగా పడుకొని ఉంటాయి; ఎదురు గాలే వాటిని చల్లబరుస్తుంది. లోపల తిరిగే చమురు కొద్ది లీటర్లు మాత్రమే. నిర్ణీతమైన గంటలు నడిచిన పిమ్మట ఇంజనును పూర్తిగా విప్పి, కడిగి, అరిగిన భాగాలు మార్చి తిరిగి కూరుస్తారు. దీనినే ఓవర్‌హాలు అంటారు. అన్నీ కొత్తవి వేసిన ఇంజను కారనే కూడదు గదా అని సామాన్యుడు అనుకుంటాడు. నిజానికి ప్రతి అతుకూ కొత్తగా కుదురుకోవలసిన సమయం అదే.

ఇంజను ప్రధాన దేహం రెండు దొప్పలు. వాటి నడుమ మందమైన గ్యాస్కెట్టు వేయరాదు. వేస్తే లోపలి ఇరుసుకూ బేరింగులకూ మధ్య ఉండవలసిన వెంట్రుకవాసి ఎడము మారిపోతుంది. అందుచేత పలుచని పూత పూసి, దానిమీద సన్నని పట్టుదారం పరచి, రెండు దొప్పలనూ బిగిస్తారు. గద్వాల చీరలో నూలు నడుమకు పట్టు అంచు కలిసే చోట నేతగాని నేర్పు తెలిసినట్లే, ఈ పట్టుదారం పరచిన తీరులో మెకానిక్కు నేర్పు తెలుస్తుంది. పూత ఎక్కువైతే మేలు కలుగుతుందనుకోవడం పొరపాటు. మందమైన పూత కాలక్రమాన నలిగి, బోల్టుల బిగువు సడలుతుంది. అప్పుడు చమురు కారడం కాక, ఇంజనుకే ముప్పు వాటిల్లుతుంది.

ఇక జాడ తీసే విధానం. మొదటి సూత్రం: చమురు కనబడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. ముందు ప్రొపెల్లరు తోసే గాలి, ముక్కు దగ్గర పుట్టిన చుక్కను వెనుకకు తరిమి, ఏ పాపమూ ఎరుగని భాగాన్ని తడుపుతుంది. కనుక అనుభవజ్ఞుడు మొదట రెంచి పట్టడు. ఇంజనును నిశ్శేషంగా కడిగి ఆరబెడతాడు. అనుమానమున్న చోట్ల తెల్లని పొడి చల్లుతాడు. కొన్ని నిమిషాలు నేలమీదనే నడిపి, ఆపి, దీపం వేసి చూస్తాడు. తెల్లని పొడిమీద మొదటి తడి ఎక్కడ మెరిసిందో అదే మూలం. కొందరు చమురులో రంగుద్రవ్యం కలిపి అతినీలలోహిత కిరణాలతో వెదకుతారు.

రెండవ సూత్రం: కారుడు వేగాన్ని చూడవలె. పీడనంతో పారే గొట్టంలో చీలిక ఉంటే ఇంజను తిరిగినంతసేపూ చమురు చిమ్ముతుంది. కవాటాల మూతల వద్దనో, తోపుడు కడ్డీల గొట్టాల చివర రబ్బరు ముద్రలవద్దనో లోపముంటే మెల్లగా ఊరుతుంది. కూర్పు సమయంలో పూసిన నూనె మూలలలో నిలిచి, మొదటి వేడికి కరిగి కారడం కూడా కద్దు. అది కొద్ది గంటలలో తానే నిలిచిపోతుంది. సిలిండరు పీఠం వద్ద తడి కనబడితే మాత్రం బోల్టుల బిగువును తప్పక అనుమానించవలె.

మూడవ సూత్రం అన్నిటికన్న సూక్ష్మమైనది. ఇంజనుకు ఊపిరిగొట్టం ఒకటి ఉంటుంది. కొత్త పిస్టను రింగులు సిలిండరు గోడకు ఒదిగేవరకు మండిన వాయువులు కొంత కిందికి జారి, ఆ గొట్టం గుండా చమురు తుంపరతో బయటపడతాయి. ఇది రోగం కాదు, ఎదుగుదల. మొదటి దశలో సాధారణంగా ఏ రసాయనమూ కలపని శుద్ధ ఖనిజతైలం వాడేది, రింగులు త్వరగా ఒదగడానికే. కాని ఆ గొట్టమే మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి, ముక్కు దగ్గరి సీలును బయటికి నెట్టివేస్తుంది. అప్పుడు సీలు మార్చి తృప్తిపడినవాడు మరునాడు మళ్ళీ సీలు మార్చవలసి వస్తుంది. దోషం సీలుది కాదు, ఊపిరిది.

చిన్న వస్తువు ఎంత పని చేయగలదో 1983 మే 5న లోకానికి తెలిసింది. మయామీనుండి బయలుదేరిన ఈస్టర్న్ సంస్థ జెట్ విమానంలో మూడు ఇంజనులకూ చమురు పీడనం పడిపోయింది. ఇంజను చమురులో లోహపు నలుసులను పట్టే పరికరాలను బిగించినప్పుడు రబ్బరు వలయాలు వేయడం మరచారు. ఆపివేసిన ఇంజనును తిరిగి నడిపించి, ఆ ఒక్కదానితో విమానాన్ని దింపగలిగారు. 172 మందీ బతికారు.

కృష్ణ ఆవల నల్లమలలో 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు కూలినది. ఉధృతమైన వాతావరణంలో కిందికి తోసిన గాలివాటే ప్రధాన కారణమని విచారణ సంఘం తేల్చినది. అయితే అంతకు ముందు కొన్ని నిమిషాలపాటు గేరుపెట్టె చమురు పీడనపు హెచ్చరిక చాలకుల దృష్టిని లాగుకొన్నదనీ ఆ సంఘమే చెప్పినది. చమురు సంగతి తేల్చుకోవలసిన చోటు నేల. నింగిలో దానికి వ్యవధి ఉండదు.

వనపర్తి రాజభవనంలో వెలసిన పాలిటెక్నిక్కు 1959నుండి ఎందరికో యంత్రవిద్య నేర్పింది. ఆ విద్యలో రెంచి తిప్పడం సగమే. తిప్పకముందు ఆగి చూడడం తక్కిన సగం. పంతుళ్ళకు ఇది పరిచితమైన విషయమే. బాలుడు భాగహారంలో తప్పితే దోషం భాగహారంలోనే ఉన్నదని చెప్పలేము. అది రెండేండ్ల కిందటి ఎక్కాలలో ఉండవచ్చు. పలక తుడిచి, మొదటినుండి చేయించి, పక్కన నిలిచి చూచే ఉపాధ్యాయుడికే ఆ తప్పు మొలచిన చోటు కనబడుతుంది.