‘తిరిగి’ అన్న మాటకు ఆంగ్ల క్రియలు ఎన్ని?

నాలుగు రోజులు ఆగిన కన్వేయర్ మళ్లీ నడిచినదని పై అధికారికి ఒక నోటు పెట్టవలసి వచ్చింది. చిత్తుప్రతిలో మేము ‘రివైవ్డ్’ అని వ్రాశాము. అధికారి చదివి, “ఏమండీ, ఇది ఎప్పుడు చనిపోయింది?” అని అడిగారు. ఆయన కొట్టివేసి ‘రీస్టార్టెడ్’ అని దిద్దిన తరువాతనే ఈ క్రియల సంగతి మేము ఆలోచించసాగాము.

కార్యాలయాలలో మనలో చాలామందిమి తెలుగులో తలచి ఆంగ్లంలో వ్రాసేవారమే. తెలుగులో విద్యుత్ సరఫరా తిరిగి వచ్చినా పునరుద్ధరణే, ఖాయిలా పరిశ్రమ కోలుకొన్నా పునరుద్ధరణే, రద్దయిన సభ్యత్వం తిరిగి లభించినా పునరుద్ధరణే. ఆంగ్లం అలా ఊరుకోదు. ఆ వస్తువుకు అంతకుముందు ఏమి జరిగినదని ముందుగా అడుగుతుంది. ఆగినదా, ప్రాణం పోయే స్థితికి వచ్చినదా, గడువు తీరినదా, ఎవరైనా తీసివేసినారా? జవాబును బట్టి క్రియ మారుతుంది.

‘రెజ్యూమ్’ అన్నది ‘మళ్లీ చేపట్టు’ అనే లాటిన్ మాట నుండి వచ్చింది. ఆపిన పనిని ఆపిన చోటి నుండి కొనసాగించటమే దాని భావం. భోజన విరామం తరువాత సమావేశం ‘రెజ్యూమ్’ అవుతుంది, ‘రీస్టార్ట్’ కాదు. శిక్షణ తరగతి నాలుగవ పాఠం వద్ద ఆగినదనుకొందాం. ‘రెజ్యూమ్’ అంటే నాలుగవ పాఠమే. ‘రీస్టార్ట్’ అంటే మొదటి పాఠం కూడా కావచ్చును. ఈ తేడా షిఫ్టు లాగ్‌బుక్కులో చిన్నది కాదు. ‘బ్యాచ్ రెజ్యూమ్డ్’ అని చదివిన తరువాతి షిఫ్టు ఇంజనీరు సగం కలిసిన పాత మిశ్రమమే పాత్రలో ఉన్నదని భావిస్తాడు. ‘బ్యాచ్ రీస్టార్టెడ్’ అని చదివితే పాతది ఖాళీ చేసి క్రొత్తది పోశారని అనుకొంటాడు. వ్రాసినవారు అప్పటికే ఇంటికి వెళ్లి నిద్రపోతూ ఉంటారు!

మరొక మాట. ‘రెజ్యూమ్ టు డ్యూటీ’ అని మన సెలవు పత్రాలలో కనబడుతుంది; ఆ ‘టు’ అనవసరం. ‘రీస్టార్ట్ ఎగైన్’, ‘రివర్ట్ బ్యాక్’ కూడా అటువంటివే. ‘రీ’లోనే ‘మళ్లీ’ ఉన్నది.

‘రిస్టోర్’ పూర్వస్థితికి తేవటం. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్, మరునాడు దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. దక్షిణ గ్రిడ్ అప్పటికి విడిగా నడుస్తున్నందున ఆంధ్రప్రదేశ్‌కు ఆ చీకటి సోకలేదు. థర్మల్ యూనిట్ మొదలు కావాలంటే దాని పంపులకు, ఫ్యాన్లకు ముందుగా బయటి నుండి విద్యుత్తు కావాలి. అందుచేత బయటి ఆధారం లేకుండానే లేవగల జలవిద్యుత్ కేంద్రాల వంటివి తొలుత మేలుకోవాలి. దీనిని ‘బ్లాక్ స్టార్ట్’ అంటారు. యూనిట్లు ‘రీస్టార్ట్’ అవుతాయి, వినియోగదారునికి సరఫరా ‘రిస్టోర్’ అవుతుంది. రెండింటి మధ్య గంటలు గడవవచ్చు. సరఫరా అందకముందే ‘రిస్టోర్డ్’ అని సందేశం పంపితే అది తప్పుడు సమాచారమే.

ఇక ‘రివైవ్’. దీనిలో ప్రాణం ఉన్నది. ఖాయిలా అంటేనే జబ్బు. ఆంగ్లంలోనూ అటువంటి పరిశ్రమను ‘సిక్’ అనే అన్నారు. 1985 నాటి చట్టం కింద 1987లో ఏర్పడిన బి.ఐ.ఎఫ్.ఆర్. 2016లో రద్దయ్యేవరకు ఆ జబ్బులనే చూసింది. జబ్బుపడినదానికి ‘రివైవల్’ తగిన మాటే. కాని రామగుండం సంగతి చూడండి. బొగ్గు ఆధారంగా నడిచిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2015లో ఏర్పడిన క్రొత్త సంస్థ అక్కడే సహజవాయువు ఆధారిత కర్మాగారాన్ని నిర్మించగా, 2021లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా. అధికార ప్రకటనలు దీనిని ‘రివైవల్’ అన్నాయి. పాత యంత్రమేదీ తిరగలేదు గనుక ‘రీస్టార్ట్’ అనటం అసత్యమయ్యేది. ఊరికి ఎరువుల పని తిరిగి వచ్చినది గనుక ‘రివైవల్’ చెల్లుతుందని మా అభిప్రాయం. ఒప్పుకోనివారూ ఉండవచ్చు.

జీవిత బీమాలో మాత్రం వాదానికి తావులేదు. అమలులో ఉన్న పాలసీకి కట్టేది ‘రిన్యూవల్’ ప్రీమియం. ల్యాప్స్ అయినదానిని వడ్డీతో, అవసరమైతే ఆరోగ్య ధ్రువీకరణతో ‘రివైవ్’ చేసుకోవాలి.

చివరగా ‘రీఇన్‌స్టేట్’. తొలగించిన స్థానంలో తిరిగి నిలపటం. చేయవలసినది అధికారి, ఉద్యోగి కాదు. వేరొక కార్యాలయంలోని మా మిత్రులొకరికి విచారణ ముగిసి వచ్చిన ఉత్తర్వులో ‘విధులను రెజ్యూమ్ చేయుటకు అనుమతించడమైనది’ అని మాత్రమే ఉన్నది. సస్పెన్షన్ ఎత్తివేసినట్లు లేదు, ‘రీఇన్‌స్టేట్’ లేదు. కేంద్ర ప్రభుత్వ ఫండమెంటల్ రూల్సులో 54-బి ప్రకారం, తిరిగి నియోగించే అధికారి సస్పెన్షన్ కాలపు జీతభత్యాలను, ఆ కాలాన్ని విధిగా పరిగణించేదీ లేనిదీ స్పష్టంగా ఉత్తర్వులో చెప్పాలి. వారి సంస్థ నిబంధనలలోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. సెలవు నుండి వచ్చిన మనిషిని గురించి వ్రాసినట్లు వ్రాసిన ఆ కాగితంతో ఏమి చేయాలో లెక్కల విభాగానికి తోచలేదు. వివరణ కోరుతూ ఫైలు వెనుకకు వెళ్లింది. పదవీ విరమణ దగ్గరపడిన ఆయన పింఛను పత్రాలూ దానితోపాటు ఆగాయి. సవరణ ఉత్తర్వు వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. అందులో మారినది ఒక క్రియ. చేరినవి రెండు వాక్యాలు.