పట్టు గ్రంథి చావు ఎలా కనిపెడతారు?



చంద్రిక ఎక్కబోయే పండిన పురుగును కోసి చూసినవాళ్లకు తెలుసు, లోపలంతా మెలికలు తిరిగిన రెండు పట్టు గ్రంథులే. గూడు కట్టిన కొన్ని రోజులకు ప్యూపాను కోయండి, అవి కనబడవు. కుళ్లిపోలేదు, జబ్బూ తినలేదు. వాటి కణాలు వేళకు తామే కరిగిపోయాయి.

దీన్ని 'ప్రోగ్రామ్డ్ సెల్ డెత్' అంటారు, ముందే రాసిపెట్టిన చావు అన్నమాట. ఆ పేరు పుట్టిందీ పట్టు చిలుక దగ్గరే. 1960లలో అమెరికాలో లాక్షిన్, విలియమ్స్ అనే ఇద్దరు, అడవి పట్టు చిలుక గూడు వదిలాక దాని పొట్ట కండరాలు ఎలా మాయమవుతాయో చూస్తూ ఈ మాట వాడారు.

మాయమయ్యాక ఎవరికైనా తెలుస్తుంది. చస్తుండగా పట్టుకోవడమే కష్టం. చచ్చే కణంలో డీఎన్‌ఏ దారం ముక్కలవుతుంది. 1992లో వచ్చిన 'టనెల్' పద్ధతిలో ఒక ఎంజైము ఆ తెగిన కొసలకు గుర్తు అంటిస్తుంది. మైక్రోస్కోపులో ఆ కణాలు చుక్కల్లా కనిపిస్తాయి. దెబ్బ తగిలి చచ్చిన కణమూ కొన్నిసార్లు అలాగే మెరుస్తుంది, కాబట్టి చుక్కను చూసి తీర్పు చెప్పరు, కణం ఆకారమూ చూస్తారు.

సాలెపురుగు గుడ్డులోనూ ఈ వెతుకులాట జరిగింది. కూపియెన్నియస్ సాలే అనే సాలెపురుగు మీద ప్రపిక్, డామెన్ 2005లో రాశారు. దాని పిండం సొన మీద పట్టీలా పరుచుకుని, నడిమికి చీలి, రెండు సగాలూ పక్కలకు జరిగి, తర్వాత వీపు మూసుకుంటుంది. ఈ మలుపుల్లోనూ, నరాలు తయారయ్యేటప్పుడూ కణాలు చస్తాయని వాళ్లు చూపారు. కట్టడానికీ కూల్చాలి మరి!

మనకెందుకంటారా? పట్టు గ్రంథికి చావు కబురు తెచ్చేది ఎక్డైసోన్ హార్మోనే. కొద్దిగా పెరిగితే పురుగు మేత మాని దారం తీస్తుంది. తర్వాత బాగా పెరిగినప్పుడు గ్రంథి కరుగుతుంది. పురుగులన్నీ ఒకేసారి పండాలని ఆకు మీద చల్లే మందు కూడా ఈ జాతిదే, మొక్కల నుంచి తీసింది. పోయిన పంటలో నేను ఒకరోజు ముందే చల్లాను. తట్టలన్నీ ఒక్కసారే పండాయి, గూళ్లు మాత్రం పలచన. గ్రంథి నిండక ముందే కబురందింది కదా. ఇప్పుడు తట్టలో అక్కడక్కడ పండిన పురుగులు కనిపించాకే చల్లుతున్నాను.