4.3 పక్షవాతం తరువాత పునరావాస చికిత్స

మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోయినా, అక్కడి రక్తనాళం చిట్లినా ఆ భాగంలోని నాడీకణాలు చనిపోతాయి. చర్మానికి గాయమైతే కొత్త కణాలు వచ్చి పూడుస్తాయి. మెదడులో అలా జరగదు. అయినా పక్షవాతంతో మంచం పట్టిన మనిషి కొన్ని నెలలకు కర్ర పట్టుకుని వీధి అరుగు దాకా నడిచి రావడం మీరు చూసే ఉంటారు. చనిపోయిన కణాలు తిరిగి రానప్పుడు పోయిన నడక ఎలా తిరిగి వచ్చింది?

మొదటి వారాలలో కనిపించే మెరుగుదలకు కొంత కారణం మెదడులోని వాపు తగ్గడం. ఆ తరువాతి మెరుగుదలలో ఎక్కువ భాగం మళ్ళీ నేర్చుకోవడం వల్ల వస్తుంది. బతికి ఉన్న నాడీకణాలు తమ మధ్య సంబంధాలను మార్చుకుని పోయిన పనిలో కొంత అందుకుంటాయి. ఈ గుణాన్ని న్యూరోప్లాస్టిసిటీ అంటారు. వానకు బాట కొట్టుకుపోతే జనం పొలం గట్టు వెంట నడుస్తారు. నడవగా నడవగా అక్కడ కొత్త దారి పడుతుంది. ఎవరూ నడవకపోతే దారి పడదు. పునరావాస చికిత్స అంటే ఒక పద్ధతి ప్రకారం ఆ నడకను నడిపించడమే.

4.3.1 వాడని చెయ్యి

మెదడు ఎడమ సగం దెబ్బతింటే శరీరం కుడివైపు పడిపోతుంది. చాలామందిలో మాటకు సంబంధించిన కేంద్రాలు కూడా ఎడమవైపే ఉంటాయి కనుక మాట కూడా పోవచ్చు. ఇక ఇంట్లో ఏమి జరుగుతుందో గమనించండి. కుడిచేతితో ముద్ద కలపలేని మనిషికి భార్యో కోడలో అన్నం తినిపిస్తారు. ఎడమ చేత్తో తినడం మన ఇళ్ళలో తప్పు కదా! ప్రేమతో చేసే ఈ పని వల్ల కుడిచేతికి పని లేకుండా పోతుంది. కొన్నాళ్ళకు ఆ చేతికి కొంత శక్తి వచ్చినా రోగి దాన్ని వాడడు.

అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ దీనిని 'నేర్చుకున్న నిరుపయోగం' అన్నాడు. స్పర్శ నాడులు తెగిన చేతిని కదిలించే శక్తి ఉండి కూడా కోతులు వాడకపోవడాన్ని ఆయన ముందుగా గమనించాడు. దాని నుంచి ఒక చికిత్స పుట్టింది: బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి, పనులన్నీ బలహీనమైన చేతితోనే చేయించడం. ఏడు అమెరికన్ విద్యాసంస్థలు 222 మందిపై దీనిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించాయి. రెండు వారాల పాటు మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 90 శాతం తొడుగు ఉంచారు. మామూలు సంరక్షణ పొందినవారి కంటే వీరి చెయ్యి మెరుగ్గా పనిచేసింది. ఆ మేలు ఏడాది తరువాత కూడా నిలిచింది. అయితే మణికట్టునూ వేళ్ళనూ కొంతైనా పైకి లేపగలిగినవారినే ఇందులో చేర్చుకున్నారని గుర్తుంచుకోండి. పూర్తిగా పడిపోయిన చేతికి ఈ పద్ధతి సరిపోదు.

4.3.2 వరంగల్లులో ఈ చదువు

వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల 1959లో మొదలైంది. దానికి అనుబంధమైన బోధనాసుపత్రి మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి. జనం నోట అది ఎం.జి.ఎం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు వైపు నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. 2014లో తెలంగాణ ఏర్పడక ముందు ఇక్కడి వైద్య విద్య విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఆ తరువాత వరంగల్లులోనే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. వైద్యంతో పాటు ఫిజియోథెరపీ డిగ్రీ కూడా దాని పరిధిలోకే వస్తుంది.

ఈ చికిత్స ఒక్కరి వల్ల అయ్యేది కాదు. నడక, కండరాల పట్టు ఫిజియోథెరపిస్టు చూస్తారు. బొత్తాలు పెట్టుకోవడం, స్నానం, వంట వంటి రోజువారీ పనులు ఆక్యుపేషనల్ థెరపిస్టువి. మాటతో పాటు మింగడాన్ని కూడా స్పీచ్ థెరపిస్టు పరీక్షిస్తారు. మింగలేని రోగి నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. 'గొంతు తడపండి' అనే చుట్టాల సలహా ఇక్కడ ప్రాణాంతకం. పావురం రక్తం పూయడం వల్ల నాడీకణాలకు ఒరిగేదేమీ లేదు. దానికోసం పోగొట్టుకునే తొలి గంటలే అసలు నష్టం.

త్వరగా మొదలుపెట్టాలి అన్నామని తొందరపడకూడదు. పక్షవాతం వచ్చిన 24 గంటలలోపే రోగిని మంచం దించి, తరచుగా, ఎక్కువసేపు నడిపించే పద్ధతిని రెండువేల మందికి పైగా రోగులపై పరీక్షించారు. 2015లో వెలువడిన ఫలితం ప్రకారం వారు మామూలు సంరక్షణ పొందినవారి కంటే కొంత తక్కువగానే కోలుకున్నారు.

4.3.3 డిశ్చార్జి తరువాత

మంచాల కొరత ఉన్న ఆసుపత్రి రోగిని ఎక్కువ కాలం ఉంచుకోలేదు. మళ్ళీ నేర్చుకోవడానికేమో నెలలు పడుతుంది. వారానికి మూడుసార్లు పల్లె నుంచి బస్సులో రావాలంటే తోడు వచ్చేవారి కూలి కూడా పోతుంది. మరి ఇంట్లోవారికే నేర్పితే చాలదా? సహజంగా తోచే ఈ ఆలోచననే మన దేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో పరీక్షించారు. కుటుంబ సభ్యులకు ఆసుపత్రిలో శిక్షణ మొదలుపెట్టి, ఇంటికి వెళ్ళాక కూడా కొన్నాళ్ళు కొనసాగించారు. 2017లో వెలువడిన ఫలితం నిరాశ కలిగించింది. ఆరు నెలలకు మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి రెండు వర్గాలలోనూ 47 శాతమే.

దీనిని బట్టి కుటుంబం అక్కరలేదని అర్థం చేసుకోకండి. పుండ్లు పడకుండా పక్క మార్చడం, లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకుండా ఉండడం ఇంట్లోవారే చేయాలి. అలా లాగితే భుజం కీలు జారి నొప్పి మొదలవుతుంది. కానీ శిక్షణ పొందిన థెరపిస్టు చేయవలసిన పనిని కుటుంబానికి అప్పగించి చేతులు దులుపుకోవడం చవకైన పరిష్కారంగా కనిపించినా, ఆ పరిశోధనలో అది ఫలితమివ్వలేదు. థెరపిస్టు ఊరికి దగ్గరలో ఉండాలి. డిగ్రీలు ఇచ్చే విశ్వవిద్యాలయం వరంగల్లులో ఉన్నా, పట్టా పొందినవారికి మండల స్థాయిలో ఉద్యోగాలు లేకపోతే ములుగు రోగికి ఆ దూరం తగ్గదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

పక్షవాతం వచ్చి ఆరు వారాలైన ఒక రైతుకు కుడిచేతి వేళ్ళు కొంచెం లేస్తున్నాయి. భార్య మూడు పూటలా అన్నం తినిపిస్తోంది. ఈ ఇంట్లో మీరు ఏ మార్పు సూచిస్తారు? ఏ విషయంలో థెరపిస్టును కలవకుండా ముందుకు వెళ్ళకూడదు? పది వాక్యాలలో రాయండి.