512 దీపాలు, 72 తీగలు

ఒక్కో ఎల్‌ఈడీకి రెండు కాళ్లు. పొడుగుది ప్లస్, పొట్టిది మైనస్. పొడవుకు ఎనిమిది, వెడల్పుకు ఎనిమిది, ఎత్తుకు ఎనిమిది చొప్పున పేర్చుకుంటూ పోతే 512 దీపాలు, 1,024 కాళ్లు. వీటిలో ఏ దీపాన్నయినా మిగతావాటి జోలికి పోకుండా వెలిగించాలి, ఆర్పాలి. దీపానికో తీగ చొప్పున లాగినా అయిదొందలు దాటుతాయి. ఇంట్లో బల్ల మీద ఎల్‌ఈడీ క్యూబు కట్టేవాళ్లు లాగేది మాత్రం 72. ఆ 72తోనే వాన కురిపిస్తారు, అలలు లేపుతారు, పామును పాకిస్తారు.

క్యూబును ఎనిమిది అంతస్తుల మేడ అనుకోండి. ఒక అంతస్తులోని 64 దీపాల మైనస్ కాళ్లన్నిటినీ కలిపేస్తారు. అంతస్తుకో తీగ, మొత్తం ఎనిమిది. ఒకే నిలువు వరసలో ఉన్న ఎనిమిది దీపాల ప్లస్ కాళ్లు కలిసి ఒక స్తంభం. అలాంటి స్తంభాలు 64. అయిదో అంతస్తును గ్రౌండుకు కలిపి ఇరవయ్యో స్తంభానికి కరెంటు ఇస్తే, రెండూ కలిసే చోట ఉన్న దీపం ఒక్కటే వెలుగుతుంది.

బాగానే ఉంది కానీ, అదే సమయంలో రెండో అంతస్తు, ఏడో స్తంభం దగ్గర దీపం కూడా కావాలంటే? నాలుగు దీపాలు వెలుగుతాయి, అడిగినవి రెండు, అడగనివి రెండు. అందుకే ఒకేసారి వెలిగించరు. మొదటి అంతస్తుకు ఒక మిల్లీసెకను, ఆర్పేసి రెండోదానికి ఒక మిల్లీసెకను, ఇలా పైదాకా. ఎనిమిది మిల్లీసెకన్లలో ఒక చుట్టు, సెకనుకు 125 చుట్లు. ఏ క్షణాన చూసినా ఏడు అంతస్తులు చీకట్లోనే ఉంటాయి. ఆ చీకటిని పట్టుకునేంత వేగం కంటికి లేదు. దీపావళి రాత్రి కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పితే గాల్లో నిప్పు వలయం కనిపించేది ఇందుకే. మనవాళ్లు దీన్ని అలాతచక్రం అన్నారు. అద్వైత తత్వవేత్త గౌడపాదుడు మాండూక్య కారికల్లో నాలుగో ప్రకరణానికి అలాతశాంతి అనే పేరే పెట్టాడు. కన్ను పట్టలేనిది ఒక్కోసారి ఫోన్ కెమెరాకు చిక్కుతుంది. క్యూబును వీడియో తీస్తే నల్లచారలు కనబడేది అందుకే. వైరింగ్ పాడైందేమోనని కంగారు పడక్కర్లేదు.

సామాను దొరకడం కష్టం కాదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే ఎల్‌ఈడీలు, చిప్పులు, రెసిస్టర్లు, టంకం తీగ అన్నీ అక్కడే. చూడగానే వెలుగు చిమ్మే పారదర్శకమైన ఎల్‌ఈడీల మీద మనసు పారేసుకోవద్దు. వాటి వెలుగు సూటిగా పైకెళ్లి పైఅంతస్తు దీపం మీద పడుతుంది, ఆరి ఉన్నది కూడా వెలిగినట్టు కనిపిస్తుంది. పాలరంగు మూతవి అన్ని వైపులా సమానంగా వెలుగుతాయి.

క్యూబు అందం తేలేది సోల్డరింగ్ ఐరన్ వేడెక్కక ముందే, చెక్క దగ్గర. ఒక ప్లైవుడ్ పలక మీద గళ్లు గీసి, 5 మిల్లీమీటర్ల బిట్టుతో 64 రంధ్రాలు వేస్తారు. రంధ్రానికీ రంధ్రానికీ సుమారు 25 మిల్లీమీటర్ల దూరం. ఎల్‌ఈడీ కాలు వంచితే పక్కదాన్ని అందుకోవాలి కదా, కొలత అక్కడి నుంచి వచ్చింది. డ్రిల్లు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా ఆ తప్పు ఎనిమిది అంతస్తుల్లోనూ అదే చోట కనిపిస్తుంది. రంధ్రాల్లో దీపాలు బోర్లించి, పొట్టి కాళ్లు వంచి, ఒకదానికొకటి టంకం పెట్టి, అడ్డంగా రెండు రాగి తీగలు వేస్తే ఒక అంతస్తు తయారు. పలక మీంచి లేపేముందు ప్రతి దీపాన్నీ గుండీ సెల్లుతో వెలిగించి చూడాలి. అంతస్తులు పేర్చాక నడిమధ్య ఉన్న దీపం చచ్చిపోతే ఐరన్ మొన అక్కడిదాకా వెళ్లదు. కిట్లు కొని బిగించేవాళ్లను తప్పుపట్టను. కానీ కిట్టులో కూడా ఈ భాగాన్ని ఎవరూ చేసిపెట్టరు.

కరెంటు లెక్కను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. క్యూబును నడిపించే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డునో ఊనో. దానికి వాడుకోగల పిన్నులు 20. అవి నాలుగు దీపాల ఎత్తు క్యూబుకు సరిగ్గా సరిపోతాయి, 16 స్తంభాలు, 4 అంతస్తులు. ఎనిమిదికి సరిపోవు. అందుకని 74హెచ్‌సీ595 అనే చిప్పులు ఎనిమిది వరసగా కలుపుతారు. ఆర్డునో నుంచి మూడే తీగలు, అవతలి వైపు 64 స్తంభాలు. ఒక్కో చిప్పు మొత్తంగా 70 మిల్లీయాంపులకు మించి మోయకూడదు. ఎనిమిది దీపాలకు పంచితే ఒక్కోదానికి ఎనిమిది పైచిలుకు. నీలి ఎల్‌ఈడీ తనకోసం 3.2 వోల్టులు ఉంచుకుంటే, 5 వోల్టుల్లో మిగిలిన 1.8కి 220 ఓముల రెసిస్టరు చాలు. 100 ఓములు వేస్తే ఇంకా ధగధగలాడుతుంది, చిప్పు పరిమితి మాత్రం దాటిపోతుంది. అంతస్తు మొత్తం వెలిగితే దాని తీగలో అర యాంపు పారుతుంది. అది ట్రాన్సిస్టర్ పని, ఆర్డునో పిన్ను పని కాదు.

ఎర్ర ఎల్‌ఈడీ 1962 నుంచీ ఉంది. మంచి వెలుగునిచ్చే నీలం 1990లదాకా రాలేదు. దానికి గాను అకసాకి, అమానో, నకమూరాలకు 2014లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు క్యూబంటే నీలమే. రంగులన్నీ మార్చే డబ్ల్యూఎస్2812 దీపాలతోనూ కట్టొచ్చు, కానీ 512 దీపాలూ పూర్తి తెల్లగా వెలిగితే 5 వోల్టుల మీద 30 యాంపులు కావాలి. పైగా ఏడు రంగులు ఒకేసారి కదులుతుంటే చూపు రంగు మీదకు పోతుంది, ఆకారం చెదురుతుంది. నా ఓటు ఒక్క రంగుకే.

ప్రోగ్రాం భయపడేంతది కాదు. ఒక బొమ్మకు 512 బిట్లు, అంటే 64 బైట్లు. ఫోన్లో తెలుగు మెసేజీ పెడితే ఇరవయ్యొక్క సంకేతాలకే అంత చోటు పోతుంది. వానకు పైఅంతస్తులో తోచినచోట చుక్కలు పెట్టి, అన్నిటినీ ఒక్కో మెట్టు కిందికి దించితే సరి. అలకు సైన్ ఫంక్షన్. మధ్య స్తంభం నుంచి ఎంత దూరమో లెక్కించి, కాలాన్ని కలిపి, వచ్చిన విలువ ఎత్తులో దీపం వెలిగిస్తారు. ఇంటర్ పుస్తకంలో గీతగా చూసిన సైన్ ఇక్కడ చెరువులో రాయి వేసినట్టు లేచి పడుతుంది.

ఇక పేరు చూపించాలనుకుంటారు అందరూ. ఇంగ్లిష్ అక్షరం అయిదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తులో ఒదిగిపోతుంది. తెలుగులో 'గ', 'ర' వరకు పరవాలేదు. 'లక్ష్మి' అని రాయబోతే పైన గుడి, కింద ఒత్తులు, మధ్యలో అక్షరం, ముగ్గురికీ కలిపి ఎనిమిదే వరసలు. కనీసం పదహారు ఉండాలి. అలాగని పదహారు దీపాల క్యూబు కట్టబోతే 4,096 దీపాలు, 272 తీగలు. అంత అవసరం లేదు. అడుగు ఎనిమిది బై ఎనిమిదిగానే ఉంచి ఎత్తు ఒక్కటే పదహారు చేసి, అక్షరాలను నాలుగు ముఖాల చుట్టూ నడిపించొచ్చు. దీపాలు 1,024 అవుతాయి, తీగలు మాత్రం 80. కొత్తగా లాగేది ఎనిమిదే. అంతస్తు వంతు పదహారింట ఒకటికి తగ్గుతుంది కనుక వెలుగు సగం పోతుంది. కిటికీ తెర వేసుకోవాలి.